ఐదుగురి ఎల్క్ వేట: ఎవరి పాయింట్లు, ఎవరి ట్యాగ్, ఎవరి పోగు

మార్చి మొదటి వారంలో డాలస్ నుంచి మా బావమరిది ఫోన్. "బావా, ఈ అక్టోబర్‌లో ఎల్క్ వేటకి మేం నలుగురం వస్తున్నాం, నీతో ఐదుగురం. నీకెలాగూ ఆరు పాయింట్లున్నాయి కదా, అందర్నీ నీ గ్రూపులో వేసేయ్. మంచి చోటు తగులుతుంది."

వాడి ఉత్సాహం చూసి వెంటనే కాదనలేకపోయాను. కానీ వేట అనుమతి కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడితే జమయ్యే ఆ పాయింట్లు వాళ్ళకి కలిసిరావు, వాళ్ళతో కలిస్తే నాకూ మిగలవు. అమెరికాలో వేటంటే తుపాకీ భుజాన వేసుకుని అడవిలోకి పోవడమే అనుకునేవాళ్ళకి ఈ లెక్కలు వింతగా ఉంటాయి. కొలరాడోలో ఐదుగురు కలిసి దుప్పికీ ఎల్క్‌కీ వెళ్ళాలంటే ఏడు నెలల ముందు కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో తేలాల్సింది బాగా గురిచూసేవాడెవరని కాదు, గుంపులో ఎవరికి ఏది తక్కువగా ఉందని. పాయింట్లు ఎవరికి తక్కువ, సెలవులు ఎవరికి తక్కువ, ఊపిరి ఎవరికి తక్కువ. ఆ రాత్రి వాడికి గంటన్నర చెప్పిందే ఇక్కడ కాస్త పద్ధతిగా రాస్తున్నాను.

ముందు జంతువు సంగతి. ఎల్క్ అన్న పేరే ఒక తికమక. యూరప్‌లో ఎల్క్ అంటే అమెరికన్లు మూస్ అనే జంతువు. బ్రిటిష్ దొరలు మన వైపు కణుజుని కూడా ఎల్క్ అనేవారు. అమెరికాలో ఎల్క్ అంటే వాపిటి. షానీ తెగవాళ్ళ భాషలో తెల్ల పిర్రలది అని అర్థం. కశ్మీర్ దాచిగామ్‌లో మిగిలిన హంగుల్‌కి ఇది దగ్గర చుట్టం. ఎదిగిన మగది 300 కిలోలు పైన, ఆడది 225 కిలోల దగ్గర తూగుతుంది. ఇక దుప్పి అని నేను రాస్తున్నది మ్యూల్ డియర్‌ని. కంచరగాడిదకున్నట్టు పెద్ద చెవులుంటాయి కాబట్టి ఆ పేరు. మంచి మగది వంద కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దుప్పి పడితే ఇద్దరు మనుషులు ఒక్క నడకలో మాంసం తెచ్చేసుకోవచ్చు. ఎల్క్ పడితే ఇద్దరికీ రెండు రోజులు నడుం వంగిపోతుంది. గుంపు కావాల్సింది అక్కడే.

మన దేశంలో ఈ ముచ్చటే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటని నిషేధించింది. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. వాటి జోలికి పోతే జైలే. అందుకే ఊళ్ళో పెద్దవాళ్ళకి "ఎల్క్ వేటకి వెళ్తున్నా" అని చెబితే ముందు భయపడతారు. అమెరికా వేరే దారి పట్టింది. 19వ శతాబ్దంలో వేటాడి మాంసం అమ్ముకునే వ్యాపారం వల్ల కొలరాడోలో ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 20వ శతాబ్దం మొదట్లో వయోమింగ్ నుంచి తెచ్చి వదిలారు. అడవి మాంసం అమ్మకం ఆపేశారు, వేటని రేషన్‌లా లెక్కగట్టారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం రైఫిళ్ళ మీదా తూటాల మీదా ఉన్న పన్ను (ఇప్పుడది 11 శాతం) డబ్బుని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి మళ్ళించింది. ఇప్పుడు కొలరాడోలో రెండున్నర లక్షలకు పైగా ఎల్క్ ఉన్నాయి. మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఆ రేషన్ కార్డుకే ఇక్కడ ట్యాగ్ అని పేరు.

ఆరు, నాలుగు, మూడు, మూడు, సున్నా

కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ రాష్ట్రాన్ని 180కి పైగా యూనిట్లుగా విడగొట్టింది. ఏ జంతువు, మగదా ఆడదా, ఏ యూనిట్, ఏ సీజన్, రైఫిలా విల్లా అన్నీ కలిపి ఒక కోడ్. ప్రతి కోడ్‌కీ ఇన్నే ట్యాగులని లెక్క ఉంటుంది. మార్చి 1 నుంచి ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటల వరకు దరఖాస్తులు. నాలుగు కోరికలు రాసుకోవచ్చు. మొదటి కోరిక తీరకపోతే ఒక ప్రిఫరెన్స్ పాయింట్ జమవుతుంది. మరుసటి ఏడాది ఎక్కువ పాయింట్లున్నవాడు వరసలో ముందుంటాడు. మొదటి కోరిక తీరిందా, ఉన్న పాయింట్లన్నీ సున్నా. రెండో కోరికో మూడో కోరికో తీరితే పాయింట్లు చెక్కుచెదరవు.

తిరుమలలో ముందొచ్చినవాడు ముందు వెళ్ళే క్యూ లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ క్యూ ఏళ్ళ తరబడి సాగుతుంది, ముందున్నవాళ్ళు పెరిగేకొద్దీ వెనక చేరేవాడి నిరీక్షణ కూడా పెరుగుతుంది. వాయవ్య మూల ఉన్న 2, 10, 201 యూనిట్లలో మంచి మగ ఎల్క్ ట్యాగ్‌కి ఇరవై పాయింట్లు దాటాలి. అంటే కొడుకు పుట్టినప్పుడు మొదలుపెడితే వాడు కాలేజీలో చేరాక వస్తుంది.

గుంపుగా దరఖాస్తు చేస్తే మొత్తం గుంపుని అందరికంటే తక్కువ పాయింట్లున్న మనిషి లెక్కన చూస్తారు. మా ఐదుగురి సంగతే తీసుకోండి. నాకు ఆరు, బావమరిదికి నాలుగు, వాడి ఆఫీసు మిత్రులిద్దరికీ మూడేసి, ఐదో కుర్రాడికి సున్నా. కలిపి పెడితే మా గుంపు విలువ సున్నా. ఇక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆ సున్నా లెక్క మీదే ఏదో మామూలు కోడ్ మొదటి కోరికగా వచ్చేసిందనుకోండి, కుర్రాడికి పోయేది ఏమీ లేదు. నా ఆరు పాయింట్లు మాత్రం, ఆరేళ్ళు దాచుకున్నవి, సున్నా పాయింట్లకే దొరికే ట్యాగ్‌కి హారతైపోతాయి. మొహమాటానికి పోయి అలా పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. మొహమాటం మన జాతి లక్షణం కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా: పాయింట్లు బాగా ఉన్నవాడు కొత్తవాళ్ళతో ఒకే దరఖాస్తులో కలవకూడదు. ఒకే గుడారంలో పడుకోవడానికి ఒకే దరఖాస్తు అక్కర్లేదు.

పక్క రాష్ట్రం వయోమింగ్‌లో లెక్క వేరు. అక్కడ గుంపు పాయింట్ల సగటు తీస్తారు, ఆరుగురి దాకా కలవచ్చు. మా ఐదుగురి సగటు అయితే 3.2. కొలరాడోలో గుదిబండైన కుర్రాడు అక్కడ కొంచెం బరువు మాత్రమే. కానీ వయోమింగ్‌లో ఇంకో మెలిక ఉంది. విల్డర్‌నెస్ అని ప్రకటించిన అడవుల్లో బయటి రాష్ట్రంవాళ్ళు పెద్ద జంతువుల్ని వేటాడాలంటే లైసెన్సున్న గైడో, ఉచిత గైడ్ అనుమతి తీసుకున్న అక్కడి నివాసో వెంట ఉండాలి. పైగా ఒక రాష్ట్రం పాయింట్లు ఇంకో రాష్ట్రంలో చెల్లవు. అందుకే ఏ రాష్ట్రం అన్నది ఎల్క్ ఎక్కడ బాగున్నాయో చూసి కాకుండా, మన గుంపులో పాయింట్లు ఎలా పంచుకుని ఉన్నాయో చూసి తేల్చుకోవాలి.

మాకు నేను వేసిన పథకం ఇది. దుప్పి ట్యాగ్ కొలరాడోలో 1999 నుంచీ అందరికీ ఈ దరఖాస్తుల వరసలోనే (దాన్నే డ్రా అంటారు) వస్తుంది, అడ్డదారి లేదు. ఎల్క్‌కి మాత్రం రెండో, మూడో రైఫిల్ సీజన్లలో చాలా యూనిట్లలో డ్రా లేకుండా కౌంటర్ మీద కొనుక్కునే మగ ఎల్క్ ట్యాగులున్నాయి. విల్లుతో వేటాడే బయటి రాష్ట్రంవాళ్ళకి అలాంటి సౌకర్యం 2025 నుంచి పోయింది, రైఫిల్‌కి ఉంది. కాబట్టి ఎల్క్ కోసం ఎవరూ పాయింట్లు తగలేయనక్కర్లేదు. మొదటి కోరికగా 'ఉత్త పాయింట్ చాలు' అనే కోడ్ రాసి, రెండో కోరికగా గిరాకీ లేని ఆడ ఎల్క్ కోడ్ రాస్తే, పాయింటూ వస్తుంది, అదృష్టం ఉంటే ట్యాగూ వస్తుంది. అప్పటికీ రాకపోతే జూన్‌లో రెండో డ్రా, ఆగస్టులో మిగిలిన ట్యాగుల అమ్మకం. ఆడ ఎల్క్ అంటే కొందరు ముఖం చిట్లిస్తారు, గోడకి తగిలించుకోవడానికి కొమ్ములుండవని. కూర వండుకునేవాడికి ఆడదే మేలు. మెత్తగా ఉంటుంది, మోయడానికి తేలిక, దొరకడానికీ తేలిక.

ఖర్చు ఒక్క ముక్క. బయటి రాష్ట్రంవాళ్ళకి ఎల్క్ లైసెన్సు 800 డాలర్లు దాటింది. ఇక్కడ కనీసం ఆరు నెలలుగా స్థిరనివాసం ఉన్న నాలాంటివాడికి వంద డాలర్ల లోపే. ఈ తేడా గుంపులో ఎప్పుడో ఒకప్పుడు చిన్న అసూయై బయటపడుతుంది. ముందే నవ్వుకుని వదిలేస్తే మంచిది.

ట్యాగ్ ఎవరిదో తూటా వాళ్ళదే

బావమరిది రెండో ప్రశ్న ఇది. "అందరం కలిసే ఉంటాం కదా, బాగా కొట్టేవాడు రెండు మూడు కొట్టేస్తే మిగతావాళ్ళ ట్యాగులు వాటికి కట్టేయొచ్చుగా?"

కుదరదు. కొలరాడోలో నీ ట్యాగ్ నీదే. ఇంకొకరి ట్యాగ్ మీద నువ్వు కాల్చకూడదు, నీ జంతువుకి ఇంకొకరి ట్యాగ్ కట్టకూడదు. పడిన వెంటనే ట్యాగ్ చింపి, సంతకం, తేదీ వేయాలి. మాంసం తరలించేటప్పుడు ఆ ట్యాగ్ దానికి కట్టి ఉండాలి. ఈ అపోహ గాల్లోంచి పుట్టింది కాదు. మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో దుప్పి వేటకి గుంపు పద్ధతి కొన్ని షరతులతో చట్టబద్ధం. గుంపులో ఒకడు ఇంకొకడి ట్యాగ్ మీద కాల్చవచ్చు. అక్కడ నేర్చుకుని పడమటికి వచ్చినవాళ్ళు ఇక్కడ ఇరుక్కుంటారు. ఎవరితో వెళ్ళినా "మా దగ్గర ఇలాగే చేస్తాం" అనే మనిషిని జాగ్రత్తగా చూసుకోండి.

మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా తగిలే ముడి ఇంకొకటుంది. మా ఐదుగురిలో ఇద్దరు హెచ్‌1బీ మీద ఉన్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికున్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. అంటే లైసెన్సు రాకముందే "ప్రాక్టీసు చేద్దాం" అని మిత్రుడి రైఫిల్ పట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం కూడా చిక్కే. ఆ వరస తిరగేయకూడదు. ముందు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి (1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ కొలరాడోలో తప్పనిసరి, టెక్సస్‌లో చేసిన సర్టిఫికెట్ చెల్లుతుంది), తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ తంటా లేదు. వీసా గడువు దాటి ఉన్నవాళ్ళకి ఏ మినహాయింపూ లేదు.

ఎప్పుడు, ఎక్కడ

మగ ఎల్క్ కూతలు వినాలంటే సెప్టెంబరు. మధ్య సెప్టెంబరు నుంచి నెలాఖరు దాకా అవి ఆడవాటి కోసం లోయలన్నీ మారుమోగేలా కూస్తాయి. కానీ అది విల్లు సీజన్. దుప్పి మదించేది నవంబరు మధ్యలో. రెండూ ఒకే ప్రయాణంలో కావాలంటే రైఫిల్ సీజన్లు చూడాలి. మొదటి రైఫిల్ సీజన్ మధ్య అక్టోబర్‌లో ఐదు రోజులు, ఎల్క్‌కి మాత్రమే. రెండోది అక్టోబర్ చివర తొమ్మిది రోజులు, దుప్పి, ఎల్క్ రెండూ. మూడోది నవంబరులో, అదీ రెండింటికీ. మూడో సీజన్‌లో మంచు ఎక్కువ, ఎల్క్ కిందికి దిగుతాయి, దుప్పులు బయట తిరుగుతాయి, చలీ అంతే. మా గుంపులో సాఫ్ట్‌వేర్ రిలీజు తేదీలున్నవాళ్ళు ఇద్దరు. వాళ్ళ సెలవు చీటీలే మమ్మల్ని రెండో సీజన్‌లో పడేశాయి. నిజం చెప్పాలంటే చాలా గుంపుల్లో సీజన్‌ని మేనేజర్లే ఎంపిక చేస్తారు.

చోటు విషయంలో మ్యాప్ మీద పచ్చగా కనిపించే అడవంతా మనది కాదు. నేషనల్ ఫారెస్ట్, బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల శాఖ) భూములు ప్రజలవి. మధ్యమధ్యలో ప్రైవేటు రాంచ్‌లుంటాయి. సీజన్ మొదలై తుపాకులు మోగగానే ఎల్క్ మందలు సరిగ్గా ఆ రాంచ్‌లలోకి పోయి కూర్చుంటాయి. వాటికి కంచెల లెక్క మనకంటే బాగా తెలుసు. ఇప్పుడందరి ఫోన్లలోనూ ఆన్‌ఎక్స్ లాంటి యాప్‌లుంటాయి, కాలి కింద భూమి ఎవరిదో చుక్క పెట్టి చూపిస్తాయి. ఆ చుక్కల మీద నడిచిన నలుగురి కథ ఈ మధ్య సుప్రీంకోర్టు గుమ్మం దాకా వెళ్ళింది.

వయోమింగ్‌లో 19వ శతాబ్దపు రైల్వే భూదానాల పుణ్యమా అని మైలుకో గడి చొప్పున ఒకటి ప్రభుత్వానిది, ఒకటి ప్రైవేటుది, చదరంగం బల్లలా పరుచుకుని ఉంటుంది. రెండు ప్రభుత్వ గడులు మూలల దగ్గర మాత్రమే కలుస్తాయి. మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు 2021లో ఎల్క్ మౌంటెన్ దగ్గర ఒక ఉక్కు నిచ్చెన మోసుకొచ్చి, ప్రైవేటు నేల మీద కాలు మోపకుండా మూల మీంచి నిచ్చెన ఎక్కి ఇటు నుంచి అటు దిగారు. భూస్వామి కేసు పెట్టాడు. నేరం కాదని 2022లో జ్యూరీ తేల్చింది. లక్షల డాలర్ల నష్టపరిహారం దావాలో 2023లో ఫెడరల్ జడ్జి, 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు వేటగాళ్ళ పక్షానే నిలిచాయి. 1885 నాటి ఒక పాత చట్టం, ప్రజల భూమికి దారి మూసే కంచెలు కూడదని చెప్పినది, వాళ్ళని గట్టెక్కించింది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. పదో సర్క్యూట్ కింద కొలరాడో కూడా ఉంది. అయినా నిచ్చెనలు పట్టుకుని బయల్దేరమని నేను చెప్పను. నాలుగేళ్ళు కోర్టుల చుట్టూ తిరగడానికి ఆ నలుగురి ఓపిక అందరికీ ఉండదు. దారిలో మూల దాటే అవసరమే లేని చోటు వెతుక్కోవడం మార్చిలో ఒక సాయంత్రం పని.

కొండ మీద

డాలస్ ఎత్తు సముద్రమట్టానికి 130 మీటర్లు. మేం గుడారం వేసే చోటు 2,800 దగ్గర, ఎల్క్ ఇంకా పైన. విమానం దిగిన మర్నాడే కొండెక్కితే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి. రెండు రోజులు ముందు రమ్మంటే "సెలవు లేదు బావా" అంటారు. అందుకే ముందు రెండు రోజులు ఎవరూ తుపాకీతో గుడారానికి రెండు కిలోమీటర్లు దాటకూడదని మా ఒప్పందం. ఎత్తుకి అలవాటు పడినవాడు నేనొక్కణ్ణే కదా అని నన్ను లెక్క చేసుకుని దూరాలు కొలిస్తే, మూడో రోజుకి గుడారంలో నలుగురు పడుకుని ఉంటారు.

ఎల్క్‌కి కళ్ళకంటే ముక్కు పదును. కొండల్లో గాలికి ఒక దినచర్య ఉంది: తెల్లవారుజామున చల్లగాలి వాలు మీంచి కిందికి జారుతుంది, ఎండ తగిలాక పైకి మళ్ళుతుంది, సాయంత్రం మళ్ళీ కిందికి. కాబట్టి పొద్దున్నే పైనుంచి దిగితే మన వాసన మనకంటే ముందు వాటి దగ్గరికి చేరుతుంది. తెల్లవారకముందే వాటి కింద ఉండి, ఎండెక్కే వేళకి పక్కకి తప్పుకుని పైకి పోవాలి. దుప్పుల్ని ఒక పక్క నుంచి అదిలించి ఇంకో పక్క కాపు కాయడం కొన్ని చోట్ల నడుస్తుంది. ఎల్క్ మందని అలా అదిలిస్తే అది లోయ దాటి, ఇంకో లోయ దాటి, ఆ వారంలో మళ్ళీ కనిపించదు. ఐదుగురం ఐదు దుర్భిణులతో ఐదు చోట్ల కూర్చోవడమే మా బలం. పచ్చిక అంచున పొద్దున, సాయంత్రం మేత. పగలంతా చిక్కటి చెట్ల నీడలో నెమరు. చూసింది చూసినట్టు మధ్యాహ్నం గుడారంలో కాగితం మీద గీసుకుంటాం. మాటలు రేడియోలో చెప్పుకుందామన్న ఉబలాటం కలుగుతుంది. మోంటానాలో వేటకి అలా రేడియోలు వాడటం నేరం. వెళ్ళే రాష్ట్రం రూలు చదివి మరీ జేబులో పెట్టుకోవాలి.

కాపు కాసే చోటు ఎంత ముఖ్యమో, అక్కడి నుంచి ఏ దిక్కుకి కాల్చకూడదో అంతకంటే ముఖ్యం. మా మ్యాప్ మీద ప్రతి మనిషికీ ఒక ఎర్ర గీత ఉంటుంది. ఆ గీతకి అవతల మనవాడున్నాడు, అటు వంద ఎల్క్ నిలబడ్డా తుపాకీ లేవదు. ప్రతి వేటగాడూ మెరిసే నారింజ రంగు వేసుకోవాలన్నది రూలు: నడుము పైన 500 చదరపు అంగుళాలు, తల మీద టోపీ, ఏ పక్క నుంచి చూసినా కనబడేలా. మెరిసే గులాబీ రంగు కూడా చెల్లుతుంది. ఎల్క్‌కి ఆ రంగు మనకి కనిపించినట్టు కనిపించదు, భయపడక్కర్లేదు.

పడ్డాక మొదలు

నేను మొదటిసారి ఎల్క్ వేటకి వెళ్ళింది తుపాకీ లేకుండానే, మోత మోయడానికి. సాయంత్రం నాలుగున్నరకి పడింది. మందుగుండు వాసన పోయేసరికి అందరి ముఖాల్లో సంబరం, ఐదున్నరకి అందరి ముఖాల్లో లెక్క. ఒక చిన్న గుర్రం అంత జంతువు వాలు మీద రెండు పడిపోయిన చెట్ల మధ్య ఇరుక్కుంది. గుడారం ఐదు కిలోమీటర్లు.

కడుపు కోయకుండా పని చేస్తారు. పక్కకి పడుకోబెట్టి, వెన్నెముక పొడవునా చర్మం గీసి కిందికి ఒలుస్తారు. ఎల్క్ తోలు మందం. అది పైనుంటే లోపల వేడి ఆరదు, తొడ ఎముక దగ్గర మాంసం పులిసిపోతుంది. చలికాలమైనా ఆ మాట నిజమే. ముందు కాలికి ఒంటితో ఎముక కీలు ఉండదు. జబ్బ కింద కత్తి ఆనించి కాలు పైకెత్తితే దానంతటదే విడివడినట్టు వచ్చేస్తుంది. వెనక తొడకి బంతి గిన్నెలో కూర్చున్నట్టు కీలు ఉంటుంది, కత్తి మొన దాన్ని వెతుక్కోవాలి. వెన్ను పక్క కండ రెండు చేతులకి నిండుగా, మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉన్నంత పొడవు. ఆఖరి పక్కటెముక వెనక చెయ్యి పెట్టి లోపలి మెత్తకండ తడుముకుని తీస్తారు. తర్వాత ఇంకో పక్కకి తిప్పి మళ్ళీ అదంతా. మగదో ఆడదో తెలిపే గుర్తు ఒక తొడకి అంటిపెట్టుకునే ఉండాలి, అది చట్టం. నాలుగు కాళ్ళు, వెన్ను కండలు, లోపలి కండలు వదిలేసి రావడం కూడా నేరమే. కొమ్ములు మాత్రం తీసుకుని పోయేవాణ్ణి ఇక్కడ మనుషుల్లో లెక్కపెట్టరు.

ఇప్పుడు లెక్క. తొడలు రెండూ ముప్ఫై కిలోల చొప్పున, జబ్బలు ఇరవై చొప్పున, విడి మాంసం పాతిక. మొత్తం 125 కిలోలు. ఒక్కో మోత పాతిక కిలోలనుకుంటే ఐదు మోతలు. ఒక్కడే ఉంటే ఐదుసార్లు బరువుతో గుడారానికి, నాలుగుసార్లు ఖాళీగా వెనక్కి. ఐదు కిలోమీటర్ల చొప్పున 45 కిలోమీటర్లు కొండల్లో. ఐదుగురుంటే ఒక్క నడక. ఆ రాత్రి మేం ముగ్గురమే ఉన్నాం. మూడు మోతలు తెచ్చుకుని మిగతాది చెట్టుకి కట్టి, ఎలుగులు రాకూడదని మొక్కుకుని వచ్చాం. మర్నాడు కాళ్ళు మెట్టు దిగమన్నా దిగలేదు.

మా నియమం అప్పుడు పుట్టిందే. ఒక ఎల్క్ చెట్టుకి వేలాడేదాకా రెండోది ఎదురుగా వచ్చి నిలబడ్డా ఎవరూ కాల్చకూడదు. రోడ్డుకి ఐదు కిలోమీటర్లు దాటి ఎవరూ కాల్చకూడదు. కిలోమీటర్లు కూడా గుంపులో మోకాలి నొప్పి ఉన్నవాణ్ణి బట్టే తేల్చాం. వాడే ఐదు అన్నాడు, మేం సరే అన్నాం. డబ్బులిచ్చి మోయించుకుందామనుకునేవాళ్ళు రాష్ట్రంలో రిజిస్టరైన అవుట్‌ఫిట్టర్‌నే (వేటగాళ్ళకి డబ్బు తీసుకుని ఇలాంటి పనులు చేసిపెట్టేవాణ్ణి) పిలవాలి. ఎవరో తెలిసినవాడి గుర్రాలున్నాయని డబ్బిచ్చి వాడితో పని చేయించుకుంటే, కొలరాడోలో అదీ చట్టవిరుద్ధం.

పంపకం సంగతి తూటా పేలకముందే తేలాలి. తెలంగాణ ఊళ్ళలో దసరాకి పది ఇళ్ళవాళ్ళు కలిసి మేకని కోసి పోగులు వేస్తారు కదా, మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు కొట్టినా, ఎవరికీ ఏమీ పడకపోయినా, కండ, ఎముక, కొవ్వు కలిపి ఐదు పోగులు. కొమ్ములు కొట్టినవాడివి. చట్టం దీన్ని కాదనదు, ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. ఇచ్చేటప్పుడు ఎవరి లైసెన్సు మీద, ఏ రోజు, ఎంత ఇచ్చారో రాసిన చీటీ మాంసంతో పాటు వెళ్ళాలి.

పోగుల పద్ధతిలో ఒక్క చిక్కుంది, దాన్ని ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు 1967లో కొలరాడోలోనే, ఫోర్ట్ కాలిన్స్ పరిశోధన కేంద్రంలోని దుప్పుల్లో మొదట కనబడింది. మెదడుని తినేసే ప్రియాన్ల (వంకర తిరిగిన ప్రోటీన్ల) జబ్బు. వండినా ప్రియాన్లు చావవు. మనుషులకి సోకిందన్న ఆధారం ఇప్పటిదాకా లేదు, కానీ పరీక్షలో తేలిన జంతువుని తినొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతుంది. ముఖ్యంగా మగ మ్యూల్ డియర్‌లలో ఇది ఎక్కువ. కొన్ని యూనిట్లలో కొన్ని ఏళ్ళు తల తెచ్చి పరీక్షకి ఇవ్వడం తప్పనిసరి చేస్తారు. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా మీరు మూడు జంతువుల మాంసం కలిపి కీమా కొట్టించారనుకోండి, ఒకదాని తల చెడ్డదని తేలితే మూడూ పారేయాలి. అందుకే ఒక్కో జంతువు మాంసం ఒక్కో సంచి, సంచి మీద ట్యాగ్ నంబరు మార్కర్‌తో. ఫలితం వచ్చాకే పోగులు. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నెముక లోపలికి రానివ్వవు కాబట్టి డాలస్ వెళ్ళే మాంసం ఇక్కడే తల, వెన్నెముక తీసేసుకుని వెళ్ళాలి. మా బావమరిది ఎముకల పులుసు కల అక్కడే చెదిరింది. కాలి ఎముకలు తీసుకుపోవచ్చని చెప్పాక తేరుకున్నాడు.

ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి ఏడు దాటాక మళ్ళీ ఫోన్ వచ్చింది. దరఖాస్తులు వేటికవి విడిగా వేశాం. బావమరిది, ఇద్దరు మిత్రులు కలిసి దుప్పికి ఒక గుంపు, మూడు పాయింట్ల లెక్కన. నేను నా ఆరింటికి ఇంకోటి కలుపుకోవడానికి. సున్నా పాయింట్ల కుర్రాడు లైన్‌లోకి వచ్చి, "అన్నా, ఈ ఏడు నేను ట్యాగే తీసుకోను. పాయింట్‌కి మాత్రం వేశాను. కొండెక్కి దిగడానికి నాకేం ఇబ్బంది లేదు, మారథాన్ పరిగెత్తుతాను. మోయడానికి వస్తా. పోగు మాత్రం సమానంగా వెయ్యాలి" అన్నాడు.

వాడి మాట పూర్తి కాకముందే మోకాలి నొప్పి మనిషి సరే అన్నాడు.